రెండున్నర గంటల తేడాలో ఇల్లు అమ్మిన వైనం

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. కట్టిన ఇంటిని అప్పు కన్నా తక్కువకు అమ్మి చూడు అని మాత్రం ఎవరూ అనలేదు. ఆ ముక్క కూడా కలిపి ఉంటే నేను ముందే జాగ్రత్తపడేదాన్ని. అనలేదు కాబట్టే కువైట్‌లో, రుమైథియాలో ఒకరి వంటింట్లో నిలబడి, వేల కిలోమీటర్ల అవతల రాజంపేట దగ్గరున్న నా ఇంటి పరువును పట్టపగలు నేలమట్టం చేశాను. ఒక్క ఇటుక కదల్చకుండా, ఫోన్‌లోనే. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి. ఆ రోజు నేను నవ్వలేదు కాబట్టి నా వాటా కూడా మీరే నవ్వండి.

నా పేరు ఓబులమ్మ. వంటపని. మా ఇంటి అమ్మగారిని మామా అంటాం. మామా నన్ను "ఓబా" అంటుంది, మిగతా "లమ్మ" ఆమె నోట్లోనే ఉండిపోతుంది. ఊళ్లో మా ఆయన రమణ, ఆటో తోలేవాడు. పదేళ్లు కువైట్ ఎండలో ఉడికిన డబ్బుకు తోడు ఒక హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలో నా పేరున అప్పు తీసుకుని ఇల్లు కట్టుకున్నాం. అప్పుకు హామీ సంతకం పెట్టింది మా పెద్దన్న నరసింహులు. ఆయనకున్నది ఒక్క నిమ్మతోట. ఆ స్థలం దగ్గర బైపాస్ రోడ్డు వస్తుందని బ్రోకర్ ఒట్టేసి చెప్పాడు. అబద్ధం చెప్పలేదు పాపం. బైపాస్ వచ్చింది. మా ఇంటిని కూడా బైపాస్ చేసి, నాలుగు కిలోమీటర్ల అవతలి నుంచి వెళ్లిపోయింది.

అక్కడితో ఆగితే బాగుండేది. నాకు వీసా ఇచ్చిన పాత యజమాని, మేం కఫీల్ అంటాం, కుటుంబంతో సహా వేరే దేశం వెళ్లిపోయాడు. కొత్త కఫీల్ దొరికి, ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కాగితం మారి, మళ్లీ జీతం ముఖం చూసేసరికి ఆరు నెలలు పట్టింది. సరిగ్గా అప్పుడే మా ఆయన ఆటో బోల్తాపడి కాలు విరిగింది. కష్టాలు చెప్పి రావంటారు. మా ఇంటికి మాత్రం మాట్లాడుకుని జతగా వచ్చాయి. అప్పు కంతులు ఆగాయి. వడ్డీ మీద వడ్డీ పెరిగి ఇరవై రెండు లక్షలైంది. ఇల్లు వేలం వేస్తామని, అదీ చాలకపోతే హామీదారు మీదికి వస్తామని నోటీసు. ఆ నోటీసు నకలు అందిన రోజు నుంచి మా అన్న నాతో మాట్లాడటం మానేశాడు. తిట్టినా బాగుండేది. తిట్టలేదు.

కంపెనీలో మా ఫైలు చూసే సుజాత మేడమ్‌కు ఫోన్ చేసి ఏడ్చాను. ఆమె శాంతంగా ఒక దారి చెప్పింది.

"ఏడవబాకమ్మా. కొనేవాళ్లను మీరే చూసుకోండి. వచ్చిన డబ్బంతా మాకు కట్టేయండి. తక్కువపడిన దాన్ని మాఫీ చేయమని మా పైవాళ్లకు నేను రాస్తాను. కానీ వాళ్లు ఊరికే ఒప్పుకోరు. మా మనిషి వచ్చి ఇల్లు చూసి ఇంత విలువ చేస్తుందని రాయాలి. ఆ విలువ, మీకు కొనేవాళ్లు ఇచ్చే రేటు దగ్గరదగ్గరగా ఉండాలి."

కొనేవాడు దొరికాడు. మందుల షాపు కొండయ్య, పక్క ఊరి మనిషి. బ్రోకర్ తెచ్చిన బేరం, మా ఆయన ఆ మనిషిని ఎప్పుడూ చూడలేదు. ఫోటోలు చూసి పదిహేడు లక్షలన్నాడు, ఇల్లు కళ్లారా చూశాకే ఖాయం చేస్తానన్నాడు. మా పక్కింట్లో పనిచేసే సత్యవతికి ఈ సంగతి చెప్పాను. కోనసీమ పిల్ల. చెత్త సంచులు బయట పెట్టే వేళే మా ఇద్దరికీ కబుర్ల వేళ.

"బాగానే ఉందిగా అక్కా," అంది. "ఉన్న ఇల్లు ఉన్నట్టు చూపించెయ్. ఆయన చూస్తాడు, ఈయన చూస్తాడు, అయిపోద్ది. ఇందులో బుర్ర పెట్టేదేముందండీ?"

అదే నాకు నచ్చలేదు. బుర్ర పెట్టే పని లేకపోతే, మరి నా బుర్ర దేనికున్నట్టు?

నేను వేసిన లెక్క ఇది. కంపెనీ మనిషికి ఇల్లు పాడుబడినట్టు కనిపించాలి, అప్పుడే తక్కువ విలువ రాసి మాఫీ చేస్తారు. కొండయ్యకు మాత్రం పెళ్లికూతురిలా కనిపించాలి, అప్పుడే ఇంకో రెండు లక్షలు పెంచుతాడు. ఒకే ఇల్లు, రెండు వేషాలు. పైగా ఇద్దరూ ఒకే గురువారం వస్తామన్నారు. కొండయ్య పది గంటలకు, కంపెనీ మనిషి పన్నెండున్నరకు. మధ్యలో రెండున్నర గంటలు. వేషం మార్చడానికి అంతకన్నా ఏం కావాలి? దేవుడే టైము కుదిర్చాడు అనుకున్నాను. దేవుడు కుదిర్చిన దాన్ని కెలకడానికి మనిషిని పుట్టించాడని మరిచిపోయాను.

కువైట్ గడియారం మన గడియారం కన్నా రెండున్నర గంటలు వెనక నడుస్తుంది. నేను ఇక్కడి నుంచి కనిపెట్టుకుని ఉండాలి కదా అని, రెండు టైములనూ ఇక్కడి లెక్కలోకి మార్చి బియ్యం అలమర తలుపు లోపల చీటీ అంటించాను. "కొండయ్య ఏడున్నర. కంపెనీ పది." ఆ చీటీ చూసుకుని ఎంత మురిసిపోయానో! ఐదో తరగతిలో లెక్కల అయ్యవారు నన్ను గాడిదా అన్నాడు, ఆయన ఇప్పుడుంటే చూపించేదాన్ని అనుకున్నాను.

బుధవారం మా ఆయనకు వాయిస్ మెసేజ్ పెట్టాను. అలమర తలుపు తెరిచి, చీటీ చూసి, గుక్క తిప్పుకోకుండా చదివాను.

"ఏమయ్యా, బాగా విను. రేపు ఏడున్నరకు కొండయ్య వొస్తాడు. ఇల్లు కడిగించు, మామిడాకులు కట్టు, నాటుకోడి కూర, సంగటి చేయించు. ఏమి అడిగినా మంచిదే చెప్పు. ఆయన పోతానే ఇల్లంతా పాడు చెయ్. పదికి కంపెనీ మనిషి వొస్తాడు. ఆయనకు అంతా చెడ్డదే చెప్పు. అర్థమైందా?"

"అర్థమైందిమే," అని జవాబు పెట్టాడు. "ఏడున్నరకు మంచి, పదికి చెడ్డ. నేనేమన్నా చిన్నపిల్లోడినా?"

చదివే మీకు ఇప్పటికే తెలిసిపోయి ఉంటుంది. మాకు తెలియలేదు. అదే మా దంపతుల ప్రత్యేకత.

గురువారం మామా అక్కచెల్లెళ్లు ముగ్గురూ భోజనానికి వస్తున్నారు. "ఓబా, భోజనాలయ్యేదాకా ఫోన్ సొరుగులో," అంది మామా. పెట్టేశాను. మనసు మాత్రం సొరుగులోనే ఉంది. మచ్‌బూస్ అన్నం దమ్ములో ఉడుకుతుంటే నా లోపల నేను ఉడికాను. అలమర తలుపు మీది చీటీ చూసుకోవడం, గడియారం చూసుకోవడం. ఏడున్నర అయింది; ఇప్పుడు కొండయ్య మామిడాకులు చూసి మైమరిచిపోతుంటాడు అనుకున్నాను. పది అయింది, ఇప్పుడు కంపెనీ మనిషి మా ఇల్లు చూసి కళ్లనీళ్లు పెట్టుకుంటుంటాడు అనుకున్నాను. ఆ సంతోషంలో అన్నంలో ఉప్పు రెండుసార్లు వేశాను. మామా చెల్లెలు ఒకామె నాలుగు గ్లాసుల మజ్జిగ తాగింది.

మధ్యాహ్నం రెండు దాటాక సొరుగు తెరిచాను. మా ఆయన మెసేజ్‌లు వరసగా ఉన్నాయి. ఒక్కోటి విన్నాను.

మొదటిది: "మే, ఎనిమిదిన్నర అయింది. కొండయ్య రాల్యా. మామిడాకులు వాడిపోతాండాయి. కూర చల్లారిపోయె. ఇంగ రాడేమో. నేను పాడు చేసే పని మొదలుపెడతాండా."

రెండోది విన్నాను.

"మే, అదరగొట్టినా! బొగ్గుతో గోడలకు పగుళ్లు గీసినా, ఆరు. నిజం పగుళ్లు సిగ్గుపడతాయి. పక్కింటోళ్ల బర్రెను అడిగి తెచ్చి హాల్లో కట్టేసినా. కంపెనీ మనిషి సరిగ్గా పదికి వొచ్చినాడు. నేనే ఒక్కొక్క పగులూ చూపించినా. బోరులో నీళ్లు ఉప్పన్నా. వానకు కారతాదన్నా. రాత్రైతే పాములు వొస్తాయన్నా. ఆ మనిషి ముఖంలో నెత్తురు చుక్క ల్యా. పోతా పోతా 'ఇంత నిజం చెప్పే మనిషిని నేను యాడా చూళ్లేదయ్యా' అన్నాడు!"

సరిగ్గా పదికి. ఊళ్లో పదికి రావాల్సింది కొండయ్య. నేను అలమర తలుపు తెరిచి చీటీ వైపు చూశాను. చీటీ నా వైపు చూసింది. లెక్కల అయ్యవారు ఎక్కడున్నా ఆయన పాదాలకు నమస్కారం. మనిషిని చూసే పేరు పెట్టాడు.

మూడోది వినకుండా ఫోన్ చేశాను.

"ఏమయ్యా! పన్నెండున్నరకు ఎవరన్నా వొచ్చినారా?"

"నీకెట్ల తెల్సుమే? కొండయ్య వొచ్చినాడు! ఐదు గంటలు లేటు. అయినా నేను ఊరుకుంటానా? కంపెనీ మనిషి పోతానే ఇల్లంతా మళ్లీ కడిగించి పెట్టినా, వొస్తే వొస్తాడులే అని."

"పగుళ్లు?"

"తుడిచేసినా. తుడవడానికి రానిచోట దేవుని క్యాలెండర్లు తగిలించినా."

"బర్రె?"

ఆయన దగ్గాడు.

"అది బయటికి రానంటే రానన్యా. చల్లగా ఉండాది కదా, పండుకునేసింది. ఇంగేం చేసేది? కొమ్ములకు పసుపు పూసి, మెడలో బంతిపూల దండ ఏసినా. పాడి కలిసొచ్చిన ఇల్లు సార్, లక్ష్మీకళ సార్ అన్నా. కూర, సంగటి పెట్టినా. రెండుసార్లు వొడ్డించుకున్నాడు. బోరునీళ్లు చక్కెర నీళ్లన్నా. ముప్పై లక్షలకు ఒకాయన అడుగుతాంటే మేమే ఇయ్యలే అన్నా. అన్నీ పుస్తకంలో రాసుకున్నాడుమే!"

"కొనేటోడు పుస్తకంలో ఎందుకు రాసుకుంటాడయ్యా?"

"మందుల షాపాయన కదా. రాసుకునే అలవాటు ఉంటాదిలే అనుకున్నా."

మా ఆయనను ఒక్క మాట అనలేదు. అనడానికి ఏముంది? చెప్పింది చెప్పినట్టు, కుంటికాలుతో, రెండుసార్లు ఇల్లు కడిగించి చేసిన మనిషి. తప్పు నా చీటీది. చీటీ రాసిన చేయి నాది.

ఆ సాయంత్రమే బ్రోకర్ ఫోన్. "అమ్మా, కొండయ్య వద్దంటాండాడు. ఆ ఇల్లు తన శత్రువుకు కూడా వద్దంట." రెండు రోజులకు సుజాత మేడమ్. గొంతులో ఎంత సంతోషమో.

"ఓబులమ్మా, శుభవార్త! మీ ఇల్లు ఇరవై ఎనిమిది లక్షలు చేస్తుందని మా వాల్యుయేషన్ ఆయన రాశాడు. అప్పు పోగా ఆరు లక్షలు మీకే మిగులుతుంది. ఇంక మాఫీ దేనికి? మంచి రేటుకు అమ్ముకోండి. నెలరోజుల్లో కట్టకపోతే మేమే వేలం వేసి ఇప్పిస్తాంలే."

కొనే వాడేమో ఊరికే ఇచ్చినా వద్దంటున్నాడు. అప్పిచ్చిన వాళ్లేమో నన్ను లక్షాధికారిని చేశారు. ఉన్న ఒక్క బేరం చెడింది, నెల గడిస్తే అన్న తోట మీదికి వస్తారు. ఉల్లిపాయలు ముందు పెట్టుకుని ఏడవడం మొదలుపెట్టాను. మామా వంటింట్లోకి వచ్చింది. ఉల్లిపాయలు ఇంకా కోయలేదని గమనించింది.

"లేష్, ఓబా? ఎందుకు ఏడుస్తున్నావ్?"

ఇంటిని బైత్ అంటారని మొదలుపెట్టి, నాకొచ్చిన అరబ్బీ అంతా ఊడ్చి చెప్పాను. "మామా, బైత్... లోన్... కంపెనీ మాఫీ! కంపెనీ మాఫీ అంది, ఇప్పుడు నో మాఫీ!"

మన మాఫీ అంటే అప్పు వదిలేయడం. ఇక్కడ పనివాళ్లు మాట్లాడే అరబ్బీలో మాఫీ అంటే లేదు అని. మామా ముఖం విప్పారింది.

"కంపెనీ లేదా? అయితే ఖలాస్! అప్పిచ్చిన కంపెనీయే లేకపోతే నువ్వెవరికి కడతావ్?"

"లేదు మామా, కంపెనీ ఉంది!"

"ఇప్పుడే కదా మాఫీ అన్నావ్?"

పదిహేను నిమిషాలు పట్టింది. చివరికి డ్రైవర్‌ను పిలిపించి ఉర్దూలో అతనికి చెబితే, అతను అరబ్బీలో ఆమెకు చెప్పాడు. బర్రె మెడలో దండ దగ్గరికి వచ్చేసరికి మామా కుర్చీ వెతుక్కుని కూర్చుంది. అక్కకు ఫోన్ చేసి చెప్పి మళ్లీ నవ్వింది. కళ్లు తుడుచుకున్నాక మాత్రం నా భుజం మీద చెయ్యి వేసి గట్టిగా అంది. "ఆ మేడమ్‌కు సీదా చెప్పు. అటూ ఇటూ వద్దు. సీదా. ఇప్పుడే, నా ముందే. యల్లా!"

కోనసీమ పిల్ల వారం ముందు ఉచితంగా చెప్పిన మాటే. రెండో భాషలో వింటే గానీ నాకు ఎక్కలేదు.

సుజాత మేడమ్‌కు మొత్తం చెప్పాను. చీటీ, బొగ్గు, బర్రె, నాటుకోడి, ఏదీ దాచలేదు. ఫోన్ పెట్టేసిందేమో, పోలీసులను పిలుస్తోందేమో అనుకున్నాను. తర్వాత ఎవరో ముక్కుతో నవ్వు ఆపుకున్న శబ్దం, దాని వెనక ఇంకొకరు, ఆ వెనక నలుగురైదుగురు. ఆమె ఫోన్‌ను స్పీకర్‌లో పెట్టి ఉంచింది. మా ఇల్లు చూసి వెళ్లిన వాల్యుయేషన్ ఆయన అక్కడే ఉన్నట్టున్నాడు. "ఆ కోడికూర మాత్రం నిజమే కదా మేడమ్?" అని ఒక మగగొంతు దీనంగా అడిగింది.

"ఓబులమ్మా," అంది మేడమ్, నవ్వు సర్దుకుని. "నువ్వు చేసింది తప్పు. ఇంకెవరన్నా అయితే ఫైలు మూసేసేదాన్ని. చెప్పుకున్నావు కాబట్టి వింటాండా. ఇంకో మనిషిని పంపిస్తా, ఖర్చు నీదే. ఇల్లు ఎట్ల ఉంటే అట్లే ఉండనీ. ఆరు నెలలు జీతం లేదన్నావే, ఆ కాగితాలు, నీ ఇఖామా మారిన కాగితం, మీ ఆయన ఆసుపత్రి బిల్లులు పంపు. కష్టం నిజంగా ఉన్నప్పుడు, దానికి వేషం ఎందుకమ్మా?"

ఆ మాటకు మాత్రం నిజంగా సిగ్గేసింది.

తర్వాత కొండయ్యకు నేనే ఫోన్ చేశాను. నా పేరు చెప్పగానే "పాములు బాగుండాయా తల్లీ?" అన్నాడు. మళ్లీ మొదటి నుంచీ చెప్పాను. ఆయన అంతా విని, "అయితే ఆ పగుళ్లు బొగ్గువా?" అన్నాడు.

"ఆరూ బొగ్గువే అన్నా."

"నేనే వొచ్చి తుడిచి చూసుకుంటా."

అన్నట్టే తడిగుడ్డ, బకెట్టుతో వచ్చాడట. క్యాలెండర్లన్నీ తీసి గోడలన్నీ రుద్దాడు. ఐదింటి మరకలు కూడా పోయాయి. వంటింటి మూల ఉన్న ఆరోది పోలేదు. రుద్దే కొద్దీ స్పష్టంగా కనపడింది. మా ఆయన అది తను గీసిందేనని ఒట్టు వేస్తున్నాడు. తన కళాఖండం మీద అంత మమకారం. కొండయ్య అందులో వేలు దూర్చి చూపించాడు. నిజం పగులు. ఐదేళ్లుగా ఆ ఇంట్లో ఎవరూ దాన్ని గమనించనే లేదు. దానికి యాభై వేలు తగ్గించి, పదహారున్నరకు ఖాయం చేశాడు.

కంపెనీ రెండో మనిషికి కూర పెట్టలేదు, దండ వేయలేదు, మంచినీళ్లు మాత్రం ఇచ్చాం. ఆయన రాసిన విలువ పదిహేడు లక్షలు. చూశారా? నేను బర్రెతో, బొగ్గుతో సాధించాలనుకున్నది, ఊరికే కూర్చుంటే దానంతట అదే వచ్చేది. పైవాళ్లు రెండు నెలలు నానబెట్టి ఒప్పుకున్నారు. కొండయ్య డబ్బు నేరుగా కంపెనీకి కట్టాడు. మిగిలింది మాఫీ. మన మాఫీ.

"ఒకటి గుర్తుపెట్టుకో," అంది మేడమ్. "పూర్తిగా కట్టలేదని నీ పేరు మీద కొన్నేళ్లు రికార్డులో ఉంటుంది. ఎవరూ అంత సులభంగా అప్పు ఇయ్యరు."

"ఇది శిక్షా, వరమా మేడమ్?" అన్నాను.

హామీదారుకు ఇక సంబంధం లేదని రాసిన కాగితం ఫోటో మా అన్నకు పంపాను. రెండు గంటల తర్వాత ఫోన్ మోగింది. ఎనిమిది నెలల తర్వాత ఆ గొంతు.

"ఓబులా."

"అన్నా."

"నా పేరు తీసేసినారంట కదా."

"తీసేసినారన్నా."

చాలాసేపు ఇద్దరమూ ఊపిరి మాత్రమే పీల్చుకున్నాం. మా అన్న రూపాయలు ఖర్చు పెట్టి.

"ఇల్లు పోయిందని ఏడుస్తాండావా?" అన్నాడు చివరికి.

"లేదన్నా."

"ఏడవబాక. వొస్తే మా ఇంటికే రా. యాడికో పోవాల్సిన పనిల్యా," అని పెట్టేశాడు. అప్పుడు ఏడ్చాను.

కళ్లు తుడుచుకుంటుండగానే ఫోన్ టింగుమంది. అదే కంపెనీ నుంచి మెసేజ్. "ప్రియమైన ఓబులమ్మ గారూ, మీరు మా విలువైన కస్టమర్. మీ కలల ఇంటికి ముప్పై లక్షల వరకు అప్పు సిద్ధంగా ఉంది. కావాలంటే ఒకటి నొక్కండి."

కాబట్టి, ఈ వంటింటి సాక్షిగా, పొయ్యి మీద చెయ్యి పెట్టి (ఆర్పిన పొయ్యే, నాకు ఆ మాత్రం బుద్ధి వచ్చింది) నేను ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మళ్లీ అప్పు చేసి ఇల్లు కట్టను. కట్టినా అమ్మను. అమ్మినా వేషం వేయను. ఎంత ముద్దొచ్చే మెసేజ్ వచ్చినా ఒకటి నొక్కను.

నొక్కలేదు. అబద్ధమెందుకు, సీదా చెబుతాను. వేలు ఒకటి మీద దాకా పోయింది. మామా చూసి, ఫోన్ లాక్కుని సొరుగులో పెట్టింది.